ఏ కాలేజీ తల్లీ?

పాప నిద్రపోతోంది. ఎడమచెయ్యి దాని తలమీద ఉంచి కుడిచేత్తో రాస్తున్నాను. గుండు చేయించి ఇంకా నెల కాలేదు. కొత్తగా మొలుస్తున్న వెంట్రుకలు అరచేతికి గరుగ్గా తగులుతున్నాయి. మద్రాసు వెళ్లివచ్చి పదిహేను రోజులైంది. ఆ చెయ్యి తీసేసి కూర్చోవడం నాకింకా చేతకావడం లేదు. సిరాబుడ్డి మూత తిప్పడానికి తీస్తాను, మళ్లీ పెడతాను.

ఒకప్పుడు నేనింత పిరికిదాన్ని కాను. మద్రాసులో చదువుకునే రోజుల్లో ఒక్కదాన్నే ట్రాము ఎక్కి తిరిగినదాన్ని. పాప పుట్టాకే ఇలా అయ్యాను. బావి చప్టా మీద తడి కనబడితే భయం. ఎద్దులబండి మా ఇంటిముందు ఆగితే భయం. ఒకసారి అలిపిరి దగ్గర కోతి పాప చేతిలోంచి అరటిపండు లాక్కుపోతే మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. పాప మాత్రం ఆ కోతి మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగింది.

ఈ వేసవిలో దానికి టైఫాయిడ్ వచ్చింది. ఇరవై రోజులకు పైగా జ్వరం దిగలేదు. ఒక రాత్రి డాక్టరుగారు నాడి చూసి ఏమీ చెప్పకుండా వెళ్లిపోయారు. ఆ రాత్రే మా అత్తగారు కొండవైపు తిరిగి దండం పెట్టి, బిడ్డ బతికితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నారు. పాప బతికింది. అత్తగారు దాన్ని చంకనేసుకుని అలిపిరి నుంచి మెట్లన్నీ నడిచి ఎక్కి మొక్కు తీర్చారు. గుండుకు చందనం పూయించుకుని దిగివచ్చిన పాపను చూసి నేను ఏడ్చాను. "ఏమ్మే, బతికిన బిడ్డిని సూసి ఏడస్తావా?" అని ఆమె కసిరారు.

మా అత్తగారిది ఐరాల. పెళ్లయి తిరుపతి వచ్చేదాకా వేరుశనగ చేలో పెరిగిన మనిషి. తెలుగు అక్షరం రాదు గాని అరవం మాట్లాడతారు. నేను చిత్తూరులో ఇంటరు చదివి, మద్రాసు ఆడపిల్లల కాలేజీలో బి.ఏ. చేరినదాన్ని. రెండో సంవత్సరంలో ఉండగా మద్రాసు మీద బాంబులు పడతాయన్న పుకారు లేచి, ఒక్క వారంలో ఊరు ఊరంతా ఖాళీ అయింది. హాస్టలు మూసేశారు. మా నాయన నన్ను ఇంటికి తెచ్చుకుని ఆ సంవత్సరమే పెళ్లి చేసేశారు. నా చదువు అక్కడ ఆగింది. అత్తవారింటికి వచ్చేసరికి ముందు వసారాలో మద్రాసునుంచి పారిపోయి వచ్చిన ఒక అరవ కుటుంబం అద్దెకు ఉంది. ఆ ఇంటావిడా మా అత్తగారూ పొద్దంతా కబుర్లు చెప్పుకునేవారు. ఆ కబుర్లలో ఏముందో నేనెప్పుడూ చెవి ఒగ్గి వినలేదు. విని ఉంటే ఈ పదిహేను రోజులూ నాకు నిద్రపట్టి ఉండేది.

మా ఆయన కొండ ఆఫీసులో గుమాస్తా. పోయిన నెల మద్రాసులో ఒక వకీలుకు కాగితాలు ఇచ్చి రావలసిన పని ఆయన మీద పడింది. పొద్దున దిగి సాయంత్రం బండికి తిరిగి రావడమే. మీరూ వస్తారా, మద్రాసు చూసినట్టుంటుంది అన్నారు. నేను నోరు తెరవకముందే అత్తగారు అన్నారు:

"నేను వస్తా నాయనా. సముద్రం సూడాల. కాలేజీ సూడాల."

నాకు ఎంత సంతోషమైందో. కోడలు చదివిన కాలేజీ చూడాలని ఆమెకు ఉందన్నమాట. బయలుదేరేలోపల ఆమె వీధిలో ప్రతి ఇంటా ఆ మాటే చెప్పుకున్నారు: "కాలేజీ సూసేదానికి పోతాండా." నా చదువును ఆమె ఎప్పుడు తలచినా 'పెద్ద ఇస్కూలు' అనేవారు. ఇప్పటికి కాలేజీ అనడం నేర్చుకున్నారు కదా అని నవ్వుకున్నాను కూడా.

నాకు మరో పని ఉంది. హాస్టలు వదిలి పారిపోయిన రోజు నా పెట్టెలో కాలేజీ లైబ్రరీ పుస్తకం ఒకటి ఉండిపోయింది. వృక్షశాస్త్రం పుస్తకం. నాలుగేళ్లుగా ట్రంకుపెట్టె అడుగున పట్టుచీరల కింద ఉంది. చీరకోసం పెట్టె తెరిచినప్పుడల్లా ఆ లైబ్రరీ ముద్ర కనిపించి, ఏదో దొంగిలించి దాచుకున్నట్టు అనిపించేది. దాన్ని తిరిగి ఇచ్చేయాలి. ఆ సాకుతో ఒక్కసారి లోపలికి అడుగుపెట్టాలి.

పొద్దున్నే సెంట్రల్ స్టేషనులో దిగాం. మా ఆయన వరసలో నిలబడ్డ జట్కాలలోంచి ఒకదాన్ని రోజంతటికీ మాట్లాడారు. నాతో, "అయిదింటికి ఈ పెద్ద గడియారం కిందికి వచ్చెయ్యండి. పాప జాగ్రత్త," అన్నారు. పాప జాగ్రత్త అని నాకు చెప్పనవసరం లేదు. రైలు దిగకముందే నా కొంగు చివరను దాని ఎడమ మణికట్టుకు ముడివేసి ఉంచాను.

జట్కాతోలే ఆయన ముసలివాడు. నెరిసిన మీసాలు. పులికాట్ ఒడ్డునుంచి వచ్చానని, వయసులో పడవమీద రొయ్యలు పట్టేవాణ్ణని, ఇప్పుడు గుర్రాన్ని పట్టానని తనే చెప్పుకున్నాడు. పాపను చూసి, "ఓహో, తిరపతి మొట్టై! ఆడబిడ్డా మగబిడ్డా తల్లీ?" అన్నాడు.

"ఆడపిల్ల," అన్నాను.

"గుండు గీస్తే యా బిడ్డయినా ఒకటే. ముందరికి జరగండక్కా, బరువంతా ఎనక్కి పడితే గుర్రం పైకి లేస్తాది," అన్నాడు అత్తగారితో.

"నేనంత బరువుండానా ఏందప్పా?"

"నువ్వు కాదక్కా, నీ మూట."

ఆ మూటలో పులిహోర, అప్పాలు, పాపకు ఒక తువ్వాలు, ఒక చెంబు, ఎందుకో తెలియదు గాని ఒక దారపు ఉండ కూడా ఉన్నాయి. అత్తగారు నవ్వి మూటను ఒళ్లోకి తీసుకున్నారు. నాకు మాత్రం 'గుండు గీస్తే యా బిడ్డయినా ఒకటే' అన్న మాట ఎక్కడో గుచ్చుకుంది. ఇంటి దగ్గర ఎవరూ పాప గుండును తిరిగి చూడరు. తిరుపతి వీధుల్లో రోజూ వందల గుండ్లు. మద్రాసులో అయితే గుండు పిల్ల అంటే చాలు, ఎవరైనా ఆనవాలు పడతారని నేను లోలోపల ధైర్యం చెప్పుకుంటూ వచ్చాను.

సముద్రం దగ్గర అత్తగారు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి చూస్తూ నిలబడ్డారు. తరవాత నీళ్లు చేత్తో తీసి తలమీద చల్లుకుని, "ఇన్ని నీళ్లు పెట్టుకోని ఈ మద్రాసోళ్లు కొళాయి కాడ జుట్లు పట్టుకుంటారా మే?" అన్నారు. పాప అలలోకి పరుగెత్తబోయింది. కొంగు బిగిసి నా భుజం మీది చీర జారింది. పక్కన ఎవరో నవ్వారు. నేను ముడి ఇంకా గట్టిగా బిగించాను.

కాలేజీ గేటు ముందుకు వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. గేటు, దాని వెనక ఎర్రమట్టి దారి, రెండు వైపులా మేం నాటిన కానుగచెట్లు. అవి ఇప్పుడు మనిషిని మించి పెరిగాయి.

"రండి అత్తా, చూద్దురు గాని. కాలేజీ చూడాలన్నారు కదా."

చక్రం కిర్రుమన్నదో, ఆమె పాపకు నీళ్లు తాపుతూ ఉన్నారో, నా చివరి మాట ఆమె విన్నట్టు లేదు. "నేనెందుకు మే నీ పెద్ద ఇస్కూల్లోకి? దొరసాని ఎదురొస్తే చెయ్యెత్తి మొక్కాల్నా, చెయ్యి ఇవ్వాల్నా నాకేం తెల్సు? నువ్వు పొయ్యిరా. బిడ్డి నా కాడుంటాది."

నేను కొంగు ముడి విప్పాను.

ఇది దాచకుండా రాయాలి. ఆమె పాపను అడిగారు కాబట్టి మాత్రమే విప్పలేదు. కొంగుకు గుండు పిల్లను కట్టుకుని, చంకలో పాతపుస్తకంతో ఆ లోపలికి నడిచి వెళ్లడం నాకు సిగ్గనిపించింది. ముడి బిగిసిపోయి ఉంది. పళ్లతో లాగి విప్పాను. పాప మణికట్టు మీద ఎర్రటి గీత పడింది.

"అరగంటలో వస్తాను. ఇక్కడే, ఈ వేపచెట్టు నీడలోనే ఉండండి," అన్నాను.

లైబ్రరీలో అదే పెద్దావిడ ఉన్నారు. జుట్టు మునుపటికన్నా నెరిసింది. పుస్తకం తెరిచి వాసన చూసి, "పట్టుచీరల కింద పెట్టావు కదూ? కర్పూరం వాసన," అని నవ్వారు. ఆ గొడవలో పోయిన పుస్తకాలు చాలా ఉన్నాయట, తిరిగి నడిచి వచ్చింది ఇదొక్కటేనట. పెళ్లయిందా అని అడిగారు. పిల్లలా అన్నారు. ఒక పాప అన్నాను. బయట ఉంది అనలేదు. "నీ బల్ల ఖాళీగానే ఉంది, కూర్చుని వెళ్లు," అని కొత్తగా వచ్చిన పుస్తకం ఒకటి ముందు పెట్టారు. కొండల్లో పెరిగే నీడమొక్కల గురించి, ఒక్కొక్క ఆకుకూ రంగుల బొమ్మ.

నేను కూర్చున్నాను. కిటికీలోంచి అదే గాలి. ఒక ఆకు బొమ్మ చూసి ఇది మా కొండదారిలో, మెట్ల పక్క రాళ్ల సందుల్లో ఉంటుందే అనుకున్నాను. పేజీ తిప్పాను. మళ్లీ తిప్పాను. ఆ సేపు నాకు జ్వరాలు లేవు, బావులు లేవు, కోతులు లేవు. ఆ సేపు నాకు పాప లేదు.

గంట మోగింది. గదిలోకి అమ్మాయిలు బిలబిల వచ్చారు. అప్పుడు లేచాను.

వేపచెట్టు కింద గుర్రపు లద్దె ఉంది. జట్కా లేదు.

గేటు దగ్గరి కాపలా మనిషి అరవవాడు. నాకు వచ్చిన అరవంలో అడిగాను, ఇక్కడున్న ముసలావిడ, పాప ఏరీ అని.

"పోయినారమ్మా."

"ఎక్కడికి?"

"కాలేజీకి. కోడలు వస్తే కాలేజీ కాడ ఉంటామని చెప్పమన్నారు."

"ఇదే కదయ్యా కాలేజీ?"

"అవునమ్మా, ఇదే కాలేజీ."

"మరి వాళ్లేరీ?"

"కాలేజీకి పోయినారమ్మా."

అతని మొహంలో వేళాకోళం లేదు. చెప్పమన్న మాట చెప్పాడు. లోపలికే వచ్చి ఉంటారు, ఇంకో గేటునుంచి వచ్చి ఉంటారు అనుకుని వెనక్కి పరుగెత్తాను. వంటశాల వెనక చూశాను. ఆటస్థలం చుట్టూ తిరిగాను. హాస్టలు వరండాలో కూర్చున్న అమ్మాయిల్ని అడిగాను. గుండు పాప, పచ్చగౌను, కాళ్లకు గజ్జెలు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు నీటిమొక్కల తొట్టి గుర్తొచ్చింది. క్లాసుకోసం కట్టించిన సిమెంటు తొట్టి. మేం అందులో కలువలు, అంతరతామర పెంచేవాళ్లం. నాకు మోకాళ్లలోతు. ఎంత ఆకు పరుచుకుని ఉందంటే నీళ్లు కనపడలేదు. గట్టుమీద బోర్లా పడి చెయ్యి లోపలికి పెట్టాను. మోచేతిదాకా, భుజందాకా. అడుగున బురద మెత్తగా తగిలింది. ఒకచోట ఏదో గుండ్రంగా, చల్లగా చేతికి వచ్చింది. ఆ క్షణం గురించి నేను ఎవరికీ చెప్పలేదు. పైకి తీస్తే కుండ పెంకు.

బయటికి వచ్చాను. చీర సగం తడిసి ఉంది. ఇప్పుడు ఇంకో భయం మొదలైంది. ఆ జట్కా ఆయన ఎవరు? పేరు అడగలేదు. బండి నంబరు చూడలేదు. పాప చెవులకు పోగులున్నాయి, కాళ్లకు వెండి గజ్జెలున్నాయి. పొద్దున అతను చెప్పిన ప్రతి మాటా ఇప్పుడు వేరే అర్థంతో వినబడుతోంది. గుండు గీస్తే యా బిడ్డయినా ఒకటే. రొయ్యలు పట్టేవాణ్ణి. ఆడబిడ్డా మగబిడ్డా అని ఎందుకడిగాడు?

రోడ్డుమీద ఒక రిక్షా మనిషి చెట్టుకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. అతని ముందు నిలబడి, ఏడుపును అదిమిపెట్టుకుని, మా అత్తగారు బిడ్డను తీసుకుని కాలేజీకి పోయారట, ఎక్కడో తెలియడం లేదు అన్నాను. అతను బీడీ ఆర్పి చెవిమీద పెట్టుకుని అరవంలో అడిగాడు:

"ఎంద కాలేజమ్మా? సెత్త కాలేజా, ఉయిర్ కాలేజా?"

ఏ కాలేజీ తల్లీ? చచ్చినదా, ప్రాణమున్నదా?

నాకు వినబడింది కాలేజీ గురించి కాదు. నీ బిడ్డ చచ్చిందా, బతికుందా అని నడిరోడ్డు మీద ఒక మనిషి నన్ను అడుగుతున్నాడు. రిక్షా మెట్టుమీద కూలబడ్డాను. అతను గాభరాపడి, చిన్నపిల్లకు చెప్పినట్టు విడమరిచి చెప్పాడు. చచ్చిన జంతువుల్ని ఎండుగడ్డి కూరి, ఎముకల్ని తీగలతో కట్టి, పాతరాళ్లను నిలబెట్టి ఉంచిన మ్యూజియం ఉంది చూశారా, అది సెత్త కాలేజీ. బోనుల్లో జంతువులు ప్రాణంతో తిరిగే తోట సెంట్రల్ స్టేషను పక్కన ఉంది, అది ఉయిర్ కాలేజీ. ఊళ్లో అందరూ అలాగే అంటారట. చూడవచ్చిన పల్లెటూరివాళ్లు కాలేజీ అంటే ఆ రెంటిలో ఒకటేనట.

మద్రాసులో దాదాపు రెండేళ్లు ఉన్నాను. మా హాస్టల్లో మ్యూజియం అనేవాళ్లం, జూ అనేవాళ్లం. ఆ ఊరి మనుషులు వాటిని ఏమంటారో నాకు తెలియదు.

"ఏది దగ్గర?" అన్నాను.

"సెత్త కాలేజు."

"అక్కడికే పద."

ఇది కూడా రాయాలి. నేను ముందు చచ్చినదానికే వెళ్లాను. దగ్గరని వెళ్లాను. అయినా వెళ్లింది దానికే.

మ్యూజియం గుమ్మం దగ్గరి బంట్రోతును అడిగాను, గుండు పాప వచ్చిందా అని. అతను నన్ను ఎగాదిగా చూశాడు. "తిరపతి బండి దిగినోళ్లంతా నేరుగా ఈడికే వస్తారు తల్లీ. పొద్దున్నించి అయిదు మొట్టైలు లోపలికి పోయినాయి. నీది ఏ మొట్టై?"

నా ధైర్యమంతా ఆ గుండు మీదే పెట్టుకున్నాను. ఈ ఊళ్లో కూడా అది ఆనవాలు కాదు.

పెద్ద హాలులో పైకప్పు నుంచి తిమింగిలం ఎముకలు వేలాడుతున్నాయి. పక్కటెముకలు ఒక్కొక్కటీ ఇంటి దూలమంత. ఆ ఎముకల నీడలో, నాకు వీపు పెట్టి, చందనం పూసిన చిన్న గుండు. పచ్చరంగు బట్ట. పరుగెత్తి రెండు చేతులా ఎత్తి గుండెకు హత్తుకున్నాను. ఆ బిడ్డ కెవ్వుమంది. తిప్పి చూస్తే మగపిల్లవాడు. అప్పుడే ముందుపళ్లు ఊడినవాడు. ఎవరో ఆడమనిషి నా చేతుల్లోంచి వాణ్ణి లాక్కుని, వెనక్కి జరిగి, నన్ను చూసింది. పిల్లల్ని ఎత్తుకుపోయేదాన్ని ఎలా చూస్తారో అలా చూసింది. తడిచీర, బురద చెయ్యి. నేను ఆ తల్లినే అయి ఉంటే నేనూ అలాగే చూసేదాన్ని.

మిగతా నాలుగు గుండ్లనూ చూశాను. వాటిలో పాప లేదు.

అక్కడినుంచి స్టేషను పక్క తోటకు ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. రిక్షా మనిషి వగరుస్తూ పరుగెత్తాడు. నేను దారంతా కొంగు చివరను చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాను. పళ్లతో లాగినచోట దారాలు లేచి ఉన్నాయి.

తోటలో జనం. పక్షుల అరుపులు, దుర్వాసన. ముందుగా మా జట్కా కనబడింది. చెట్టుకింద గుర్రం మేత తింటోంది. బండిలో ఎవరూ లేరు. నేను రిక్షా ఆగకముందే దూకి పరుగెత్తాను. మలుపు తిరగ్గానే వరసగా ఇనప బోనులు. చివరి పెద్ద బోను ముందు, కటకటాలకు ఆనుకుని, మా అత్తగారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. బోను ఖాళీగా ఉంది. ఆమె చేతిలో పాప పచ్చగౌను ఉంది.

నా గొంతులోంచి ఏం శబ్దం వచ్చిందో నాకు తెలియదు. ఆమె ఉలిక్కిపడి లేచారు.

"ఏమ్మే, ఏమాయె? ఆ బురదేంది?"

"పాపేది? పాపేది అత్తా?"

"ఆడ సూడు, కోతుల కాడ. ఆయప్ప ఎత్తుకోనుండాడు. నీళ్లు పోసుకోని గౌను తడుపుకుంటే ఆరబెడతాండా."

కోతుల బోను ముందు, జట్కా ఆయన భుజాల మీద, లోలంగా మాత్రమే వేసుకుని పాప కూర్చుని ఉంది. అతని తలపాగాను రెండు చేతులా పట్టుకుంది. నన్ను చూసి దిగలేదు. "అమ్మా, పులి లేదు. పులి ఇల్లు ఉంది గాని పులి లేదు," అని నాకు జరిగిన నష్టాన్ని చెప్పినట్టు చెప్పింది.

దాన్ని లాక్కున్నాను. తలంతా తడిమాను, చేతులు, కాళ్లు, గజ్జెలు, పోగులు. తరవాత అత్తగారి వైపు తిరిగి, పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ ఎత్తని గొంతుతో, "ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని ఈడికి? చెట్టుకింద ఉండమన్నాను కదా! కాలేజీ అని చెప్పి పోతే నేను ఏమనుకోవాల? యాడని వెతకాల?" అని అరిచాను. కాలేజీలో చేరాక మానుకున్న చిత్తూరు మాట ఆ ఊళ్లో నా నోట మళ్లీ అప్పుడే వచ్చింది. జనం ఆగి చూశారు.

అత్తగారు గౌను దులిపి, మడిచి, మళ్లీ విప్పారు. జట్కా ఆయనే నెమ్మదిగా అందుకున్నాడు.

"కోప్పడొద్దు తల్లీ. బిడ్డ ఆ గేటుకాడ ఒకటే ఏడుపు. ఎండ సూస్తే అట్లుండాది. కాలేజీకి పోదాం పదప్పా అనింది అక్క. ఏ కాలేజీ అక్కా, సచ్చిందా ఉయిరా, సచ్చింది ఈడికి దగ్గరే అని నేను గూడా సెప్తిని. దగ్గర గాకపోయినా ఉయిరుదానికే పోనిమ్మనింది."

"నువ్వుండప్పా," అని అత్తగారు అతన్ని ఆపారు. నావైపు చూడకుండా, పాప అరికాలికి అంటిన ఇసుక తుడుస్తూ అన్నారు: "ఇరవై దినాలు దాని పక్కన కూసోని ఒకటే మాట అడిగితిని దేవుణ్ణి. అడిగి తెచ్చుకున్న బిడ్డిని ఎత్తుకోని సచ్చినదానికి ఎట్ల పోతానే? ఆ పేరున్న గడప దాన్నెట్ల తొక్కిస్తా?"

పాప రెండో అరికాలు కూడా ఆమె ముందుకు చాపింది.

ఉయిర్ కాలేజీ మాట ఆమెకు మా వసారాలో అద్దెకున్న అరవావిడ చెప్పిందట. పులి ఉంటుందని, ఆ పులి ఆవలిస్తే నోట్లో ఒక మనిషి కూర్చోవచ్చని. నాలుగేళ్లుగా ఆ పులిని చూడాలని ఆమె మనసులో ఉంది. బాంబు పడి బోను విరిగితే పులులు ఊరిమీద పడతాయని యుద్ధకాలంలోనే వాటిని కాల్చేశారని అక్కడివాళ్లు ఎవరో చెబితే, ఖాళీ బోను ముందు అలా కూర్చుండిపోయారట. "పడని బాంబుకు భయపడి సంపేసినారంట మే," అన్నారు. ఆ మాట నాకు తగలాలని ఆమె అనలేదు. అయినా తగిలింది.

అయిదింటికి గడియారం కింద నిలబడ్డాం. మా ఆయన ఇంకా రాలేదు. అత్తగారు నా చేతికి అంటిన ఎండిన బురదను గోటితో గీకుతూ, మామూలుగా అడిగినట్టు అడిగారు.

"లోపల ఎంతసేపు కూసున్నావు మే?"

"అరగంట అత్తా," అన్నాను.

ఆమె గీకడం ఆపలేదు. అంతలో మా ఆయన వచ్చారు. నా చీర చూసి ఏమైందన్నారు. నేను నోరు తెరిచేలోపల అత్తగారు, "సముద్రం కాడ అల కొట్టింది నాయనా. అన్నీ సూసినాం. కాలేజీ గూడా సూసినాం. కోతులుండాయి, ఎలుగ్గొడ్డు ఉండాది, పులి మటుకు లేదు," అన్నారు. ఆయన నన్ను చూసి, "మీ కాలేజీ అంతేనా?" అని బండెక్కేదాకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో పళ్లు టకటక కొట్టుకున్నాయి. పాపను పట్టుకున్న చెయ్యి మొద్దుబారిపోయినా రేణిగుంట దాకా మార్చలేదు.

ఆ రోజు నుంచి రోజూ అదే కల. ఆకుల కింద చెయ్యి పెడతాను, గుండ్రంగా ఏదో తగులుతుంది, పైకి తీయకముందే మెలకువ వస్తుంది. తీసి చూస్తే కుండ పెంకేనని నాకు తెలుసు. తెలిసినా భయం తగ్గదు. ఎందుకంటే ఆ తొట్టి దగ్గరికి నన్ను తీసుకెళ్లింది జట్కా ఆయన కాదు, కాపలా మనిషి కాదు, కాలేజీ అన్న మాట కూడా కాదు. నేను చెప్పిన అరగంట.

ఇవాళ పొద్దున అత్తగారు చేటలో కందిపప్పు ఏరుతున్నారు. పాప పక్కన కూర్చుని ఏరిన రాళ్లను మళ్లీ పప్పులో వేస్తోంది. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"అత్తా, ఆ రోజు అరగంట కాదు. గంటంబావు కూర్చున్నాను. పుస్తకం చదువుకుంటూ కూర్చున్నాను. పాప గుర్తే రాలేదు."

ఆమె చేట ఆపలేదు. "తెల్సు," అన్నారు. "ఆయప్ప గుర్రానికి రెండు తూర్లు నీళ్లు తాపినాడు."

"మరి మీ అబ్బాయితో అల కొట్టిందని ఎందుకు చెప్పారు?"

"అల కొట్టలేదా ఏంది?"

పాప వేసిన రాయిని మళ్లీ ఏరి అవతల పారేశారు.

"మంచి పుస్తకమేనా?"

"మన కొండమీది మొక్కలన్నీ ఉన్నాయత్తా అందులో."

"పూర్తిగా సదివినావా?"

"లేదు. సగం కూడా కాలేదు."

"అయితే మళ్లా పోవాల్సిందే గదా."

"నాకు భయం. ఇంక పోను."

ఆమె అప్పుడు తలెత్తి నన్ను చూశారు. పాప చేతిలోని రాయిని లాక్కుని, "పొయ్యేటప్పుడు బిడ్డిని నా కొంగుకు కట్టు," అన్నారు. "ముడి మటుకు నేనేసుకుంటా. నువ్వేస్తే పళ్లతో గాని ఊడదు."